గుండెపోటొస్తే స్టెంట్ దాకా ఎట్లా చేరాలి

ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు నొప్పి, ఎడమ చెయ్యికో దవడకో పాకతా చెమటలు పడితే గ్యాస్ అని సోడా తాగించి కూర్చోబెట్టొద్దు, బండి మీద అసలు ఎక్కించొద్దు, వెంటనే 108కి కొట్టండి. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, రక్తం పోయే జబ్బు లేకపోతే, 108 వాళ్లని అడిగి 300 ఎంజీ నమిలించండి.

ఆసుపత్రికి పోగానే ఈసీజీ 10 నిమిషాల్లో తీయాలి, అడగండి, మొహమాటం వద్దు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే చేతి మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం గుండె నాళం దాకా పంపి, బెలూన్‌తో తెరిచి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) పెడతారు, మనిషి మెలకువగానే ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి నెల్లూరుకో ఒంగోలుకో పోయి 2 గంటల లోపు బెలూన్ పడదనుకుంటే, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, దగ్గర్లోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని ఆ తర్వాత క్యాథ్‌ల్యాబ్ (ఈ బెలూన్, స్టెంట్ పెట్టే గది) ఉన్న చోటికి పోవాలి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందని ఇంటికొచ్చేయొద్దు, 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) కావాల్సిందే. పక్షవాతం వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా ముందే చెప్పండి, అట్లాంటోళ్లకి ఆ ఇంజెక్షన్ ప్రమాదం.

స్టెంట్ తర్వాత రక్తం పలచనయ్యే రెండు మాత్రలూ మామూలుగా ఏడాది, డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజూ ఆపొద్దు.