టోర్ బ్రౌజర్ కనెక్ట్ కావడం లేదా? లక్షణం నుంచి పరిష్కారం దాకా

మన రాకపోకలను రిలేలనే సర్వర్ల మీదుగా తిప్పి, మనమెవరమో ఎక్కడున్నామో తెలియకుండా చేసే టోర్ బ్రౌజర్ కనెక్ట్ కాకపోతే మన దగ్గర ముందుగా వచ్చే అనుమానం, దాన్ని పైనెవరో అడ్డుకున్నారని. విజయవాడ, గుంటూరుల్లో ఇళ్లకు వచ్చే కేబుల్ నెట్ మీద గానీ మొబైల్ డేటా మీద గానీ అసలు కారణం చాలాసార్లు అంతకంటే మామూలుదే: కంప్యూటర్ గడియారమో, హాస్టల్ వైఫై లాగిన్ పేజీయో, యాంటీవైరసో అయి ఉంటుంది. అందువల్ల ముందు సెట్టింగ్స్‌లోని కనెక్షన్ విభాగం అడుగున ఉండే 'వ్యూ లాగ్స్' (టోర్ తన పనిని రాసుకునే చిట్టా) తెరిచి, ఎంత శాతం దగ్గర ఆగిందో, చివరి రెండు మూడు వరుసల్లో ఏమి రాసి ఉందో చదవాలి. మామూలు సాఫ్ట్‌వేరులో తోచిన మార్పల్లా చేసి చూస్తే పోయేది సమయం మాత్రమే. టోర్‌లో అలా చేస్తే గోప్యత కూడా పోవచ్చు. లాగ్‌ను ఎవరికైనా చూపించేటప్పుడు అందులో బ్రిడ్జ్ (బహిరంగ జాబితాలో లేని రిలే) చిరునామా ఉంటే తీసేసి చూపించండి.

సమస్య: మొదట్లోనే ఆగిపోతోంది; లాగ్‌లో సమయం గురించిన హెచ్చరిక ఉంది

కారణం గడియారం. టోర్ నెట్‌వర్క్‌లో ఏయే రిలేలు పనిచేస్తున్నాయో తెలిపే ఉమ్మడి పత్రాన్ని డైరెక్టరీ అథారిటీలనే కొన్ని సర్వర్లు గంటకొకసారి సంతకాలతో విడుదల చేస్తాయి, ఆ పత్రానికి 3 గంటల గడువు ఉంటుంది. కొద్దిపాటి తేడాను టోర్ సహిస్తుంది గానీ, మీ కంప్యూటర్ ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తుంటే ఆ పత్రం దాని లెక్కకు ఇంకా రాని కాలానిదవుతుంది.

విడిభాగాలు కొని బిగించుకున్న పాత డెస్క్‌టాప్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. ఆ స్థితిలో మామూలు బ్రౌజర్ కూడా చాలా సైట్లకు సర్టిఫికెట్ సరిగా లేదని చెబుతుంది, అదే నెట్ మీద ఫోనులో మాత్రం అన్నీ తెరుచుకుంటాయి. ఈ రెండు గుర్తులూ కలిస్తే ఇక సందేహించనక్కరలేదు. సీఆర్2032 అనే ఆ సెల్ గవర్నర్‌పేటలోనో అరండల్‌పేటలోనో ఏ కంప్యూటర్ దుకాణంలో అడిగినా ఇస్తారు. సెల్ మార్చాక తేదీని చేత్తో సరిచేయండి, ఎందుకంటే తేడా మరీ ఎక్కువైతే విండోస్ తనంతట తాను సరిచేసుకోకపోవచ్చు.

దీనికంటే మాయగా ఉండేది టైమ్ జోన్ తప్పు. విండోస్ వేసిన వారు జోన్‌ను అమెరికా పసిఫిక్ సమయం మీదే వదిలేస్తే, మనం గడియారాన్ని మాత్రం గోడ గడియారంతో సరిపోయేలా దిద్దుకుంటాం. తెర మీద సమయం సరిగ్గానే కనిపిస్తుంది, కానీ టోర్ చూసే అంతర్జాతీయ సమయం లెక్కలో కంప్యూటర్ 12 గంటలకు పైగా ముందుంటుంది. అప్పుడు కొన్నిసార్లు కనెక్షన్ కుదిరినా ఆనియన్ సైట్లు (డాట్ ఆనియన్‌తో ముగిసే, టోర్‌లోనే పనిచేసే సైట్లు) తెరుచుకోవు. జోన్‌ను భారత కాలమానానికి, అంటే అంతర్జాతీయ సమయానికి 5:30 గంటలు ముందుండే జోన్‌కు మార్చి, ఆ తర్వాతే సమయం సరిచూసుకోవాలి.

సమస్య: ఇంట్లో పనిచేస్తుంది, హాస్టల్ లేదా ఆఫీసు వైఫైలో పనిచేయదు

ముందుగా మామూలు బ్రౌజర్‌లో ఏదైనా పేజీ తెరిచి, లాగిన్ పేజీ వస్తే అది పూర్తి చేయండి. అది పూర్తయ్యేదాకా ఆ వైఫై దేన్నీ బయటికి పోనివ్వదు. ఆ పేజీని చూపించే అవకాశం టోర్‌కు లేదు. లాగిన్ అయ్యాక కూడా కదలకపోతే ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే ఏర్పాటు) కొన్ని పోర్టులనే, అంటే కొన్ని నంబర్ల దారులనే, అనుమతిస్తూ ఉండవచ్చు. కనెక్షన్ విభాగంలోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫైర్‌వాల్ ఉందని గుర్తుపెట్టి 80, 443 పోర్టులు ఇస్తే సరిపోతుంది.

అదీ ఫలించకపోతే రిలేల చిరునామాలనే అడ్డుకుంటున్నారని అనుకోవాలి. రిలేల జాబితా బహిరంగమే కాబట్టి అడ్డుకోవడం కష్టమేమీ కాదు, ఆ జాబితాలో లేని రిలేలే బ్రిడ్జ్‌లు. ఓబీఎఫ్ఎస్4 బ్రిడ్జ్ మన డేటాను అర్థంలేని అంకెల ప్రవాహంలా మారుస్తుంది, స్నోఫ్లేక్ వాలంటీర్ల బ్రౌజర్ల మీదుగా వీడియో కాల్‌ను పోలిన పద్ధతిలో పంపుతుంది, వెబ్‌టనెల్ మామూలు వెబ్‌సైట్ రాకపోకల్లా కనిపిస్తుంది. తెలిసిన రకం ట్రాఫిక్‌నే వదిలే కట్టుదిట్టమైన ఫైర్‌వాల్ ఉన్నచోట మొదటిదానికంటే చివరిది నయమని నా అభిప్రాయం.

సమస్య: కనెక్ట్ అయింది, కానీ మరీ నెమ్మది

ఇది చాలావరకు లోపం కాదు. టోర్ రిలేలలో పెద్ద భాగం జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో ఉన్నాయి. బెంజ్ సర్కిల్ దగ్గర కూర్చుని హైదరాబాదులోని సైట్ తెరిచినా మీ అభ్యర్థన మూడు రిలేల మీదుగా ఖండాలు తిరిగి వస్తుంది. మరీ ఆగిపోతే అడ్రస్ బార్ పక్కనున్న సర్క్యూట్ (మీ అభ్యర్థన వెళ్లే రిలేల దారి) గుర్తు నొక్కి 'న్యూ సర్క్యూట్ ఫర్ దిస్ సైట్' ఎంచుకోండి.

అప్పుడు రెండో, మూడో రిలేలు మారి మొదటిది మారకపోవడం చూసి కంగారు పడనక్కరలేదు. గార్డ్ అనే ఆ మొదటి రిలేను టోర్ కావాలనే నెలల తరబడి అట్టిపెడుతుంది. దాన్ని తరచుగా మారుస్తూ పోతే, రెండు కొసలనూ గమనించగల దుష్ట రిలేల చేతిలో ఎప్పుడో ఒకప్పుడు పడే అవకాశం పెరుగుతుంది. వేగం కోసం కాన్ఫిగరేషన్ ఫైలులో దేశాలను ఎంచుకోమనే సలహాలను పాటించకండి, అలా చేస్తే మీ దారి అందరి దారుల నుంచి వేరుగా కనిపిస్తుంది.

సమస్య: కొన్ని సైట్లు క్యాప్చా అడుగుతున్నాయి, లేదా తిరస్కరిస్తున్నాయి

చివరి రిలే చిరునామా కూడా బహిరంగమే కనుక కొన్ని సైట్లు దాన్ని రానివ్వవు. కొత్త సర్క్యూట్ ఒకసారి ప్రయత్నించవచ్చు. బ్యాంకు ఖాతాకైతే మామూలు బ్రౌజరే వాడండి: అక్కడ మీ పేరుతోనే లాగిన్ అవుతారు, పైగా విదేశం నుంచి లాగిన్ వచ్చిందని ఖాతాను ఆపేయవచ్చు. వీడియో కాల్స్ సంగతి వేరు. టోర్ టీసీపీ అనే డేటా పద్ధతిని తప్ప, వీడియో కాల్స్ ఎక్కువగా వాడే యూడీపీ పద్ధతిని మోయదు, అందుకు పరిష్కారం లేదు.

సమస్య: ఆనియన్ చిరునామా చెల్లదంటోంది

ఇప్పటి చిరునామాలో, డాట్ ఆనియన్‌కు ముందు, 56 అక్షరాలుంటాయి; 16 అక్షరాల పాతవి 2021లో ఆగిపోయాయి. అంకెల్లో 2 నుంచి 7 వరకే వస్తాయి, చివరి అక్షరం ఎప్పుడూ ఇంగ్లీషు 'డి'. 0, 1, 8, 9లలో ఏది కనిపించినా ఆ చిరునామా తప్పే.

సమస్య: టోర్ అకస్మాత్తుగా మూతపడిందనే సందేశం వస్తోంది

యాంటీవైరస్ టోర్ ఫైలును తీసేసి క్వారంటైన్‌లో పెట్టిందేమో చూడండి; అధికారిక టోర్ ప్రాజెక్ట్ సైట్ నుంచి దించుకున్న ప్రతి అయితేనే దానికి మినహాయింపు ఇవ్వండి. అప్పటికీ తెరుచుకోకపోతే ఫోల్డర్ మొత్తం తొలగించి మళ్ళీ వేసుకోవచ్చు. దానితో బుక్‌మార్కులూ పోతాయి, గార్డ్ కూడా కొత్తగా ఎంపికవుతుంది కాబట్టి, పై మార్గాలన్నీ అయ్యాకే దీనికి దిగాలి.