సేఫ్టీ కాన్ఫరెన్స్‌కి చెన్నై వస్తున్నారా? ముందు మీ ఫ్యాక్టరీ నుంచి ఒక ప్రశ్న పట్టుకు రండి

మా షెడ్డు ఎత్తు ఐదు మీటర్లు. పైన లైట్లు మార్చడానికి, వానలు మొదలయ్యే ముందు గట్టర్లు శుభ్రం చేయడానికి మనుషులు ఎక్కుతారు. ఎక్కే ప్రతి ఒక్కరికీ బెల్టు వేస్తాం, హుక్ తగిలిస్తాం, పర్మిట్ మీద నేను సంతకం పెడతాను. నాలుగేళ్లు అలాగే పెట్టాను. జారితే ఆ బెల్టు మనిషిని నేలకు తగలకుండా ఆపేది కాదని నాకు తెలిసింది నందంబాక్కంలోని చెన్నై ట్రేడ్ సెంటర్‌లో, ఒక జాతీయ స్థాయి సేఫ్టీ కాన్ఫరెన్స్‌కి వెళ్లి ఒక స్టాల్ ముందు నిలబడినప్పుడు.

నేను ఉండేది చెన్నైలోనే, గుమ్మిడిపూండి వైపు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ ఇలాంటి కాన్ఫరెన్స్ ఉందంటే నెల్లూరు, శ్రీసిటీ, విజయవాడ, పరవాడ నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు, ఏం తెచ్చుకోవాలి, ఎక్కడ దిగాలి, రెండు రోజులు పని వదులుకుని వస్తే ఉపయోగం ఉంటుందా అని. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చేయాల్సింది, బయలుదేరడానికి రెండు వారాల ముందు మీ షాప్ ఫ్లోర్‌లో ఒక పూట నిదానంగా తిరగడం. చెక్‌లిస్టు పక్కన పెట్టి ఆపరేటర్లను, ఫిట్టర్లను, కాంట్రాక్టు వాళ్లను ఒక్కటే అడగండి: "ఏ పని చేసేటప్పుడు నీకు భయమేస్తుంది?" ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ తీసి ఏడాది పేజీలు తిప్పండి, ఒకే మెషిన్ పేరు మూడుసార్లు కనబడితే అక్కడ ఆగండి. అలా ఒక సమస్య దొరికాక దాన్ని కొలవండి. ఎత్తు ఎంత, బరువు ఎంత, శబ్దం ఎన్ని డెసిబెల్స్, రసాయనమైతే దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్ ఏది, ఆ పని రోజుకు ఎన్ని గంటలు, ఎంతమంది చేస్తారు. నాలుగు ఫోటోలు తీసుకోండి, మనుషుల మొహాలు పడకుండా, మేనేజ్‌మెంట్‌కి చెప్పి. "గ్రైండింగ్ దగ్గర దుమ్ము ఎక్కువగా ఉంది" అని అడిగితే అక్కడ మీకు దొరికేది మాస్కుల కేటలాగ్. "నలుగురు ఎనిమిది గంటలు గ్రైండింగ్ చేస్తారు, దుమ్ము లాగే హుడ్ ఉంది, కానీ చేతికి అడ్డొస్తోందని దాన్ని పక్కకు తిప్పేస్తున్నారు, ఏం చేయాలి?" అని అడిగి చూడండి, ఎదుటివాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఏ కాన్ఫరెన్స్‌కి వెళ్లాలన్నది ప్రోగ్రామ్ షీట్ చూసి తేల్చుకోండి. 1966 మార్చి 4న ఏర్పడిన నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ పేరు మనందరికీ తెలుసు, ఆ తేదీనే కదా మనం సేఫ్టీ డే చేస్తాం. ఫ్యాక్టరీ డాక్టర్లు, నర్సులు అయితే ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్ల సమావేశాల మీద కన్నేసి ఉంచండి, వినికిడి పరీక్షలు, రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్, రసాయనాల ప్రభావం లాంటివి లోతుగా చర్చకు వచ్చేది అక్కడ. తరమణిలో ఉన్న రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాళ్ల శిక్షణలు వేరే, వాటినీ చూసుకోండి. నా వరకు ఒకటే గుర్తు: ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు తమ దగ్గర జరిగిన ప్రమాదాన్ని, దాని తర్వాత మార్చినదాన్ని చెప్పే సెషన్లు కనీసం మూడు నాలుగు ఉండాలి. ఉంటే వెళ్తాను.

మేనేజర్‌ని అడిగేటప్పుడు నోటిమాటగా అడగొద్దు. ఒక పేజీ రాసివ్వండి, మన సమస్య ఇది, ఏ సెషన్‌లో దీని గురించి ఉంది, ఖర్చు ఎంత, తిరిగొచ్చి ఏ తేదీలోపు ఏం చూపిస్తాను. వీలైతే ఇద్దరికి అడగండి, మీరు, మీతో పాటు షాప్ ఫ్లోర్ నుంచి ఒక ఫిట్టరో ఆపరేటరో. సేఫ్టీ కమిటీలో కార్మికుల ప్రతినిధులు మేనేజ్‌మెంట్ వాళ్ల కంటే తక్కువ ఉండకూడదని చట్టమే చెబుతోంది, మరి నేర్చుకోవడానికి ఆఫీసర్లు మాత్రమే ఎందుకు వెళ్లాలి? నేను రెండోసారి మా ఫిట్టర్‌ని తీసుకెళ్లాను, నాకు తట్టని ప్రశ్నలు అతను అడిగాడు.

ప్రయాణం పెద్ద పని కాదు. విజయవాడ నుంచి పొద్దున్న పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు, సూళ్లూరుపేట వైపు వాళ్లకు లోకల్ రైళ్లు ఉన్నాయి. సెంట్రల్ నుంచి మెట్రోలో ఆలందూరు, అక్కడి నుంచి ఆటో. గది గిండి, ఆలందూరు చుట్టుపక్కల తీసుకోండి. నవంబరు, డిసెంబరులో అయితే ఈశాన్య రుతుపవనాల వానలు, గొడుగు ఒక్కటే చాలదు, ఇంకో జత బూట్లు పెట్టుకోండి. హాల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ట్రేడ్ సెంటర్‌కి కాస్త దూరంలోనే, పోరూరు పక్కన, మౌలివాక్కం ఉంది. 2014 జూన్ 28న వానలో అక్కడ కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చిన మనవాళ్లే. ఆ వైపు వెళ్లినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. కన్‌స్ట్రక్షన్ సెషన్‌లో కూర్చుంటే మీ సైట్‌లో ఉన్న వలస కూలీల సంగతి తప్పకుండా ఎత్తండి, సూచనలు వాళ్లకు ఏ భాషలో ఇస్తున్నారు, వాన పడితే ఎక్కడ తలదాచుకుంటున్నారు, పని ఆపమనే అధికారం ఎవరికి ఉంది అని.

చాలా కాన్ఫరెన్సులకు ముందురోజు వర్క్‌షాప్ ఉంటుంది, సీట్లు తక్కువ, ముందుగా నిండిపోయేవి అవే, కాబట్టి రిజిస్ట్రేషన్‌లో మొదట దాన్ని పట్టుకోండి. చేత్తో చేయించేది దొరికితే వదలొద్దు. నేను వెళ్లినదాంట్లో చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు ఇచ్చి పెట్టుకోమన్నారు. గదిలో సగం మందికి అవి సగం బయటే ఉన్నాయి. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలపాలి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి, అప్పుడు లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మన గొంతు మనకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మా కంప్రెసర్ రూమ్‌లో ప్లగ్గులు ఇస్తున్నాం అని రిజిస్టర్‌లో రాసుకున్నామే గానీ, ఇలా ఎవరికీ నేర్పలేదు.

ఇక స్టాల్స్. బ్యాగు నింపుకోవడానికి తిరగకండి, మీ ఫోటోలు, కొలతలు పట్టుకుని తిరగండి. మా షెడ్డు ఫోటో చూపించి, ఎత్తు చెప్పి, మేం వాడే బెల్టు, 1.8 మీటర్ల తాడు, పడినప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉన్నదే, ఇది సరిపోతుందా అని అడిగాను. ఆ స్టాల్‌లో ఉన్నాయన పెన్ను తీసుకుని నా నోటుబుక్కులోనే లెక్క వేశాడు. తాడు పొడవు 1.8. పడినప్పుడు అబ్జార్బర్ కుట్లు విప్పుకుని సాగేది సుమారు ఒక మీటరు. వీపు మీద రింగు నుంచి పాదాల దాకా ఒకటిన్నర. పైన జాగ్రత్తకి ఇంకో మీటరు. మొత్తం 5.3. అంటే హుక్ తగిలించిన చోటి నుంచి నేల దాకా దాదాపు ఐదున్నర మీటర్లు ఖాళీ ఉండాలి, హుక్ కాళ్ల దగ్గర తగిలిస్తే పడే దూరం ఇంకా పెరుగుతుంది. మాకున్నది ఐదు, అందులోనూ కింద మెషిన్లు. తర్వాత ఆయన విప్పుకున్న పాత అబ్జార్బర్ ఒకటి చేతికిచ్చాడు, మడతలన్నీ ఊడి పొడుగ్గా వేలాడుతోంది. దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. గత నెల గట్టర్ ఎక్కిన పలాస కుర్రాడు కళ్ల ముందు మెదిలాడు.

ఏ వస్తువైనా సరే స్టాల్‌లో ఐఎస్ నంబరు, అంటే భారతీయ ప్రమాణం నంబరు అడగండి, హెల్మెట్‌కి 2925, సేఫ్టీ షూస్‌కి 15298, ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టు, అంటే ఫుల్ బాడీ హార్నెస్‌కి 3521. టెస్ట్ సర్టిఫికెట్ చూపించమనండి, అక్కడే వేసుకుని వంగి, కూర్చుని చూడండి, ధర చివర్లో అడగండి. కానీ ఒకటి మరిచిపోవద్దు, స్టాళ్లలో ఎక్కువగా దొరికేది ఒంటికి తొడుక్కునే సామానే. ప్రమాదాన్ని అసలు లేకుండా చేయడం, తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారడం, మెషిన్‌కే రక్షణ కట్టడం, పని పద్ధతి మార్చడం, ఇవన్నీ అయ్యాక మిగిలినదానికే ఒంటి మీది రక్షణ. ఒంటి మీది రక్షణ కంటే ముందు రావాల్సిన ఆ పద్ధతుల సంగతి తెలిసేది టీ దగ్గర, తోటి ఫ్యాక్టరీల వాళ్లతో మాట్లాడితే. నా సమస్యకి అసలు జవాబు అక్కడే దొరికింది. హోసూరు నుంచి వచ్చిన ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు నా నోటుబుక్కులో లెక్క చూసి, "మేం ఎక్కడమే మానేశాం, లైట్లకి చిన్న వించ్, అదే తాడు చుట్టే యంత్రం, పెట్టి కిందికి దించుకుంటున్నాం" అన్నాడు. ఫోన్‌లో వీడియో చూపించాడు. నంబరు తీసుకున్నాను.

చట్టం సెషన్‌కి తప్పకుండా వెళ్లండి. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి, అందులో వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్ ఒక్కటే 13 పాత చట్టాలను కలిపింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టాల్సిన లెక్క మామూలుగా వెయ్యి మంది కార్మికులు. కోడ్‌లో ఫ్యాక్టరీకి 500, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీకి 250. కాంట్రాక్టు వాళ్లతో కలిపి మీ దగ్గర ఎంతమందో రాసుకుని వెళ్లండి. ఇంకోటి, రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉండొచ్చు, చెన్నైలో వక్త తమిళనాడు సంగతి చెబుతుంటే శ్రీసిటీ నుంచి వచ్చినవాళ్లు దాన్ని అలాగే రాసుకుపోకూడదు, ఆంధ్రప్రదేశ్‌లో ఎలా అని విడిగా అడగాలి.

ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు రాదని టెన్షన్ పడకండి. కాగితం మీద ముందే రాసుకోండి: ఏ రకం ఫ్యాక్టరీ, సమస్య ఏమిటి, ఇప్పటిదాకా ఏం చేశాం. మూడు వాక్యాలు చాలు. మైకు అందకపోతే వక్త కిందికి దిగాక పట్టుకోండి, నిజానికి అప్పుడే బాగా చెబుతారు. మీ దగ్గర జరిగిన ప్రమాదం గురించి మాట్లాడేటప్పుడు దెబ్బ తగిలినవాళ్ల పేరు, వైద్యం వివరాలు మాత్రం బయటపెట్టొద్దు.

తిరుగు రైల్లోనే ఒక పేజీ రాసేయండి, ఇంటికి చేరాక ఆ పని ఇక జరగదు. వారంలోపు టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలుపెట్టే ముందు జరిగే చిన్న సేఫ్టీ మీటింగులో, పది నిమిషాలు తీసుకుని, చూసినదాన్ని పనిచేసేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పండి. నేను ఆ లెక్కని షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసి చూపిస్తే పలాస కుర్రాడు అడిగాడు, "అయితే అన్నా, ఇన్నాళ్లూ హుక్ తగిలించుకున్నా కింద పడేవాడినేనా?" అవునని చెప్పాను. తర్వాత ఆ విషయం సేఫ్టీ కమిటీ మినిట్స్‌లో ఎక్కించి, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు అని రాయించాను.

లైట్లకు వించ్‌లు పెట్టడానికి మూడు నెలలు పట్టింది. గట్టర్ పనికి సిజర్ లిఫ్ట్, అంటే మనిషిని పైకి ఎత్తే కదిలే వేదిక, అద్దెకు తెస్తున్నాం, దాంట్లో నిలబడే మనిషికి అంచు దాటనివ్వని పొట్టి తాడు. ఎత్తులో పని పర్మిట్‌లో ఒక గడి కొత్తగా చేర్చాం: హుక్ నుంచి నేల దాకా ఎన్ని మీటర్లు? పొడవు తాడుతో ఎక్కే పనికి ఆ గడిలో ఐదున్నర కంటే తక్కువ అంకె రాస్తే, సూపర్‌వైజరే పని ఆపేసి నాకు ఫోన్ చేస్తాడు.