తప్పు మోటారుదా, కరెంటుదా? వైండింగ్ షాపుకి వెళ్లే ముందు ఇవి చూడండి

గజపతినగరం పొలంలో బోరు అయినా పలాస జీడి ఫ్యాక్టరీ అయినా, త్రీఫేజ్ మోటారు కాలితే ముందు తిట్లు పడేది మోటారుకే. లైన్లో లోపం అలాగే ఉంచి వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) కట్టించుకొస్తే అది కూడా కాలుతుంది.

మోటారు గుయ్‌మంటుంది, తిరగదు: ఒక ఫేజ్ (మూడు కరెంటు లైన్లలో ఒకటి) పోయింది, వెంటనే ఆపేయండి. నడుస్తుండగా పోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది ఆగదు, మిగిలిన రెండు ఫేజుల మీదే ఈడ్చుకుంటూ దాదాపు 1.73 రెట్లు కరెంటు లాగుతుంది. స్టార్టర్ కాంటాక్టులు, కాలిన లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) మెయిన్ ఆపి చూసుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు జోలికి మాత్రం లైన్‌మ్యానే వెళ్లాలి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోగానే మోటారుని ఆపేసే పరికరం) తప్పనిసరి, దాన్ని బైపాస్ చేసి నడిపేవాళ్లకి ఏం చెప్పినా దండగే.

తిరుగుతుంది కానీ చెయ్యి పెట్టలేనంత వేడి: మూడు ఫేజులూ ఉన్నాయి కదా అని వదిలేస్తారు, అసలు చిక్కు ఇక్కడే. లోడు మీద నడుస్తుండగా స్టార్టర్ దగ్గర ఫేజుకీ ఫేజుకీ మధ్య వోల్టేజ్ కొలిపించండి. 420, 410, 385 వచ్చాయనుకోండి, సగటు 405, దానికి బాగా దూరంగా ఉన్నది 20 తేడా, అంటే సుమారు 5 శాతం. చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆంపియర్లలో తేడా దానికి 6 నుంచి 10 రెట్లు రావచ్చు, అలా నడపకూడదు. ఇప్పుడు టంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు కొలిచే మీటరు) మూడు వైర్లూ చూసి రాసుకోండి, తర్వాత కరెంటు ఆపి మూడు మోటారు వైర్లనూ వరసగా ఒక్కో స్థానం జరిపి (తిరిగే దిశ మారదు) మళ్లీ టంగ్ టెస్టర్ పెట్టండి. ఎక్కువ ఆంపియర్లు అదే లైన్ వైరులో ఉంటే తప్పు సప్లైది, మోటారు వైరుతో పాటు జరిగితే వైండింగ్‌ది.

స్టార్టర్ టకటకమంటుంది, నీళ్లు తగ్గాయి: లో వోల్టేజ్. 415 ఉండాల్సింది 373కి పడితే మోటారు బలం 19 శాతం తగ్గుతుంది. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి లేస్తే ఇలా అవుతుంది, పక్క రైతులతో మాట్లాడుకుని టైమర్లలో తలా కొన్ని సెకన్ల తేడా పెట్టుకోండి. రోజంతా ఇంతే అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైనట్టు, లేదా మీ కేబుల్ సన్నం.

లైను రిపేరు తర్వాత శబ్దం మామూలుగానే ఉండి నీళ్లు సన్నగా వస్తే, ఫేజులు తారుమారై ఎదురు తిరుగుతోంది. మెయిన్ ఆపి ఏవైనా రెండు వైర్లు మార్చండి, చాలు.