పాత్రకు కష్టం పెట్టే ముందు

కొత్తగా కథలు రాస్తున్నవాళ్ళు నాకు పంపేవాటిలో ఒక రైతు తరచుగా కనిపిస్తాడు. అతనికి పేరుంటుంది, ఊరుంటుంది, ఎండిన చేనుంటుంది. బోరు పడదు, అప్పు పెరుగుతుంది, చివర్లో దూలానికి తాడు వేలాడుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఆ వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊళ్ళలో ఇలాంటివి జరిగాయి. చిక్కెక్కడంటే, ఆ రైతు పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా కథలో ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. కష్టం ఉంది, మనిషి లేడు.

నేను ఉద్యోగమంతా పల్లెటూరి బ్యాంకు శాఖల్లో చేశాను. ఎక్కువ కాలం బంగారం లోన్ల కౌంటర్‌లోనే. కథలు రాయడం కూడా అక్కడే, లంచ్ టైంలో అలవాటైంది. అందుకని నేను చెప్పే పద్ధతిలో లెక్కలు కాస్త ఎక్కువుంటాయి, ఓర్చుకోండి.

ముందు చేయాల్సిన పని, కష్టాన్ని చిల్లరగా మార్చుకోవడం. ‘బోరు ఫెయిలైంది’ అన్నది పెద్ద నోటు, దాంతో కథలో ఏమీ కొనలేం. బోరు వేయడం అంటే ఏమేం జరుగుతుందో వరసగా రాసుకోండి. ముందు నీళ్ళు పడే పాయింట్ చూపించాలి. దానికొకాయన వస్తాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడుస్తాడు, అది నిలబడిన చోట రాయి పెడతాడు. తర్వాత బోరు తవ్వే రిగ్గు లారీ వస్తుంది. చాలాసార్లు అది తమిళనాడు తిరుచెంగోడు బండి. పనివాళ్ళ భాష మనవాళ్ళకు రాదు, మన భాష వాళ్ళకు సగం వచ్చు. డబ్బు అడుగుల లెక్కన. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. మట్టి కూలకుండా దించే కేసింగ్ పైపు ఖర్చు వేరే. రాడ్డు దిగుతుంటే పైకి తెల్లటి రాతి దుమ్ము వస్తుంది. దుమ్ము తడిసి బురదగా మారితే ఊరంతా కేక వేస్తుంది. మారకపోతే, ఇంకో రాడ్డు దించమనాలా వద్దా అని రైతు తేల్చుకోవాలి, అదీ ఇంజను మోత మధ్య, నిలబడ్డ చోట. అతని భార్య అక్కడుందా? పక్క చేని వాడు ఏమన్నాడు? రిగ్గు వాళ్ళకు ఆ రాత్రి భోజనం ఎవరు పెట్టారు?

ఇంత రాసుకున్నాక, ఇందులో ఒక్క క్షణం పట్టుకోండి. మీ మనిషిని మార్చింది కరువు మొత్తం కాదు, ఆ ఒక్క క్షణమే. మనం చేతులారా ఒకణ్ణి తయారుచేద్దాం, పేరు ఓబులేసు అనుకుందాం. వీడికి మూడో బోరులో నీళ్ళు పడ్డాయి. టెంకాయ కొట్టాడు, చక్కెర పంచాడు, బంధువులకు ఫోన్లు చేశాడు, ఆ ధైర్యంతో ఇంకో చోట అప్పు తెచ్చి చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టాడు. ఎండాకాలానికి బోరు గాలి కక్కింది. నీళ్ళే పడని రెండు బోర్ల కంటే, పడి తర్వాత ఎండిపోయిన ఈ బోరే వీణ్ణి తయారుచేసింది. చక్కెర తిన్నవాళ్ళందరి ముందూ తిరగాల్సి వచ్చింది కదా.

ఇప్పుడు అసలు మెలిక. ఆ కష్టాన్ని కథలోంచి తీసేయండి. పది పదిహేనేళ్ళు ముందుకు జరపండి. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదిరాడు, అప్పులు తీరాయి, ఓబులేసు కొడుకు ఫ్లాట్‌కు వచ్చాడు. ఇక్కడ నా దగ్గరకొచ్చే పిల్లలందరూ ఒకటే రాస్తారు: ఓబులేసు కారుతున్న కుళాయి కట్టేస్తాడు, బకెట్లో నీళ్ళు ఆదా చేస్తాడు. అది మొదట తట్టేది, అందరికీ తట్టేది. పక్కన పెట్టండి. నీళ్ళతో సంబంధం లేని చోట ఆ పాత దెబ్బ ఎలా బయటపడుతుందో వెతకండి. కోడలు నెల తప్పానని చెబుతుంది. ఓబులేసు మొహం గంటు పెట్టుకుని ‘సరే, చూద్దాం’ అంటాడు. ఎవరికీ ఫోన్ చేయడు. వియ్యంకుడు స్వీట్ బాక్సులు పట్టుకొస్తే, పంచొద్దని దాదాపు గొడవపడతాడు. మామగారికి నేనంటే ఇష్టం లేదని కోడలు అనుకుంటుంది. ఆ అమ్మాయికి బోరు సంగతి తెలీదు, ఓబులేసుకు తను అలా ఎందుకున్నాడో తెలీదు. పాఠకుడికి మాత్రం తెలియాలి. కథ ఇక్కడుంది. చేనులో కాదు.

అందుకే ‘ఈ మనిషి ఎంత బాధపడ్డాడు’ అనే ప్రశ్న వదిలేసి, ‘బాధ పోయాక కూడా ఏ అలవాటు పోలేదు, దానివల్ల ఇప్పుడు ఎవరికి ఇబ్బంది’ అని మిమ్మల్ని మీరు అడగమంటాను. అలవాటు ఒక్కటి దొరికితే చాలు. రెండు మూడు అంటించారంటే అతను మనిషి కాకుండా వింత జంతువు అవుతాడు.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను. కష్టం మనుషుల్ని మంచివాళ్ళను చేస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. కౌంటర్ ఇవతల కూర్చున్నవాడికి అది నమ్మడం కష్టం. నేను కౌంటర్‌లో ఉన్న రోజుల్లో, నగలు పెట్టి తీసుకున్న పంట రుణం గడువులోగా కట్టేస్తే, మూడు లక్షల దాకా వడ్డీ నాలుగు శాతానికి దిగేది. గడువు దాటితే ఆ లాభం పోయేది. కానీ కట్టడానికి చేతిలో డబ్బుండదు. అప్పుడు ఒక్కరోజు వడ్డీకి డబ్బు ఇచ్చేవాళ్ళు వస్తారు. పొద్దున వాళ్ళ డబ్బుతో లోను కట్టి, నగలు బయటికి తీసి, మళ్ళీ అవే నగలు పెట్టి కొత్త లోను తీసుకుని, సాయంత్రానికి వాళ్ళ డబ్బు వడ్డీతో ఇచ్చేయాలి. పుస్తకంలో అంతా పద్ధతిగా ఉంటుంది. ఆ వడ్డీకి ఇచ్చేవాడు ఎవరు? కొన్నేళ్ళ కిందట ఇదే వరసలో నిలబడి చెమటలు కక్కినవాడే. అందుకే ఎవరు ఎంతకు లొంగుతారో వాడికి బాగా తెలుసు. వాడి గురించి కథ రాసినవాళ్ళు నాకింకా ఎదురుపడలేదు. రాయండి. వాణ్ణి దుర్మార్గుడని తేల్చకుండా, వాడి లెక్క వాడికి సబబుగా కనబడేలా రాయగలిగితే మీకు పని వచ్చినట్టే.

రాచకొండ విశ్వనాథ శాస్త్రిని ఇందుకోసం చదవండి. విశాఖపట్నంలో ఆయన వకీలు. ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం చుట్టూ తిరిగిన మనుషుల కథలు. అందులో దెబ్బతిన్నవాళ్ళు అమాయకంగా ఉండాలనే నియమం ఆయన పెట్టుకోలేదు. కోర్టులో కక్షిదారుల్ని దగ్గరగా చూసినవాడికి ఆ నియమం ఎలా కుదురుతుంది?

ఒకే కష్టం ఇద్దర్ని రెండు దారుల్లో పంపుతుంది కాబట్టి, పాత్రకు ఒక తోడును పెట్టండి. ఒకే ఇంట్లో అన్నాదమ్ముల్ని తీసుకోండి. ఇద్దరూ అమ్మ కమ్మలు తాకట్టు పెట్టడం చూశారు. అన్న పెద్దయ్యాక చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడతాడు, పెళ్ళానికి పండగకో నగ. తమ్ముడు ఇంట్లో గోరంత బంగారం ఉండనివ్వడు, కూతురికి చెవులు కూడా కుట్టించడు. కారణం ఒకటే. ఈ ఇద్దర్నీ ఒక పెళ్ళిపందిట్లో కూర్చోబెడితే మీరు ఫ్లాష్‌బ్యాక్ రాయాల్సిన అవసరమే రాదు.

ఫ్లాష్‌బ్యాక్ మీద నాకు పెద్ద కోపమేం లేదు, కానీ పేజీలకు పేజీలు వద్దు. గతం చెప్పాల్సి వస్తే మాటల మధ్యలో, వేరే పని చేస్తుండగా, రెండు మూడు వాక్యాల్లో రానివ్వండి.

ఇక ఆ కష్టం ఎవరిది? మీదే అయితే ఒక ఇబ్బంది ఉంది: కోపం మాట్లాడటం మొదలుపెట్టి పాత్ర నోరు మూసేస్తుంది. గుర్రం జాషువా ఏం చేశాడో చూడండి. కులం పేరుతో అవమానాలు పడ్డ మనిషి. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో గుండె మంట నేరుగా కక్కి ఊరుకోలేదు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడగలిగే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. ఆ ఒక్క ఏర్పాటుతోనే సగం వాదన గెలిచాడు. సొంత బాధ రాసేవాళ్ళకు మధ్యలో అలాంటి అడ్డు ఒకటి కావాలి. గబ్బిలమే కానక్కర్లేదు. మీ కథ మీ పక్కింటావిడ నోటితో చెప్పించినా పనవుతుంది.

వేరేవాళ్ళది అయితే అడగాలి, అడగడం చేతకావాలి. ‘ఎంత కష్టపడ్డారమ్మా’ అంటే ‘ఏం చెప్పమంటావు నాయనా’ అని కళ్ళు తుడుచుకుంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ రోజు రాత్రి ఏం వండారు అని అడగండి. సంగటిలోకి ఏముంది? కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు, వేలిముద్రా? బస్సుకు డబ్బులు ఎవరిచ్చారు? ఏ చుట్టం ఆ ఏడు ఇంటికి రావడం మానేశాడు? చుట్టం సంగతి వచ్చేసరికి ముసలమ్మలు గొంతు సవరించుకుంటారు, కుర్చీ దగ్గరికి జరుపుకోండి. విన్నది విన్నట్టు మాత్రం దించకండి. ఊరు, వరస, వృత్తి మార్చండి, ఇద్దరు ముగ్గుర్ని కలిపేయండి. నా కౌంటర్‌కు వచ్చిన ఏ మనిషీ నా కథలో తనను గుర్తుపట్టకూడదన్నది నేను పెట్టుకున్న షరతు.

మాటల దగ్గర జాగ్రత్త. ఈమధ్య ఒక కథలో తాకట్టుకొచ్చినావిడ ‘నా బతుకే ఒక కన్నీటి సముద్రం సార్’ అంది. అలా ఎవరూ అనరు. ‘పండక్కు పాప వస్తాది సార్, ఆ లోపల కమ్మలు ఇడిపించుకోవాల’ అంటారు. బంగారం నాణ్యత చూసే అప్రైజర్ గీటురాయి మీద రుద్దేటప్పుడు నగ వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తారు. కొందరు నగలో పొదిగిన రాళ్ళ తూకం తీసేసినందుకు పోట్లాడతారు, అదీ గుణమే. ఒకామె నగను చీర కొంగుతో శుభ్రంగా తుడిచి ఇస్తే, ఇంకొకామె బల్ల మీద గిరాటు వేస్తుంది. ఈ రెండు పనులకు మీరు వివరణ రాయబోయారంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

తాడుతో ముగిసే కథలకు నేను ఒకే సవరణ చెబుతాను. ఆ చావును మొదటి పేరాకు తెచ్చి, తర్వాతి ఏడాది అతని భార్య తన పేరు మీద పంట రుణం అడగడానికి వచ్చిన రోజు రాయండి. ఏ కాగితాలు అడిగారు, పాత బాకీ మాట ఎవరెత్తారు, పాసుపుస్తకం ఎవరి బీరువాలో ఉంది, మరిది తోడొచ్చాడా లేదా. ఆమె గుణం అక్కడ బయటపడుతుంది, చనిపోయినతని గుణం కూడా.

డ్రాఫ్టు పూర్తయ్యాక కష్టం, పేదరికం, దుఃఖం, కన్నీళ్ళు, గుండె అన్న మాటలు వెతికి కొట్టేయండి. కథ కూలిపోతే అది ఆ మాటల మీదే నిలబడి ఉందని అర్థం, మళ్ళీ చిల్లర లెక్క దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నిలబడితే, ఆ పని చేసినవాళ్ళెవరికైనా చదివి వినిపించండి. రిగ్గు మీద పనిచేసిన కుర్రాడు, అప్రైజర్, వడ్డీకి డబ్బు తిప్పినాయన, ఎవరైనా సరే. కథ బాగుందా అని అడగొద్దు, మర్యాదకు తల ఊపేస్తారు. ఎక్కడ తప్పు రాశానో చెప్పమనండి. టీ రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది, నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.