టోక్యోలో గ్యాంగ్‌తో ఇజకాయాకి (మందుతో పాటు చిన్న చిన్న వంటకాలు దొరికే జపాన్ పబ్) వెళ్తున్నారా?
శుక్రవారం రాత్రి ఐదారుగురు వెళ్లేటట్టయితే ముందే బుక్ చేసుకోండి, లేదంటే గుమ్మం దగ్గరే పడిగాపులు. కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు, ఫ్రీ అనుకునేరు, దాన్ని ఒతోషి అంటారు, చాలాచోట్ల మనిషికి 300 నుంచి 500 యెన్లు బిల్లులో పడతాయి, గొడవపడకండి.

ముందు డ్రింక్స్ చెప్పేయాలి. తర్వాత యాకితోరి (పుల్లలకి గుచ్చి కాల్చిన చికెన్ ముక్కలు), ఎదమామె లాంటివి మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవడమే. ఎదమామె అంటే ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, మన అనపకాయల్లాగే కాయ నొక్కితే గింజ నోట్లోకి జారుతుంది, తొక్క తినకండి (నేను తిన్నాను!).

వెయిటర్ కావాలంటే గట్టిగా "సుమిమాసెన్" (ఎక్స్‌క్యూజ్ మీ) అని పిలవండి, మొహమాటపడితే ఆకలే మిగులుతుంది. శాకాహారులైతే అడిగి తినండి, కూరగాయల వంటకంలోనూ చేపలతో కాచిన దాషి అనే రసం ఉండొచ్చు. టిప్ అక్కర్లేదు. చివరి రైలు మాత్రం అర్ధరాత్రి ప్రాంతంలోనే, టైమ్ చూసుకోండి.