నేపాల్లో చదివే పిల్లకి బెంగళూరు నుంచి ఫీజు కట్టాలంటే

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర నేపాలీ భయ్యాలు చాలామంది కనిపిస్తారు. తండ్రి ఇక్కడ రాత్రి డ్యూటీ చేస్తుంటే, పిల్లలు అక్కడ కొండల్లో తల్లి దగ్గరో నానమ్మ దగ్గరో ఉండి చదువుకుంటుంటారు. "మీ పాప చదువు మేం చూసుకుంటాంలే" అనడానికి అర నిమిషం చాలు. ఆ మాట పాప పదో తరగతి దాటేదాకా నిలవాలంటే మాత్రం కొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముందు డబ్బు లెక్క. నేపాలీ రూపాయి విలువను 1993 నుంచి మన రూపాయికి కట్టేసి ఉంచారు: మన 100కి వాళ్ళవి 160. రోజూ రేటు చూసుకునే పని లేదు. కానీ భయ్యా "ఏడాదికి ఇరవై వేలవుతుంది సార్" అన్నప్పుడు "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడగాలి. ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. అక్కడివాళ్ళ నోట నలిగే మాటలే ఇవి. 20,000 ఎన్‌సీ అంటే మన 12,500 మాత్రమే. అడగకుండా ఇరవై వేలు పంపేసి, ఏడాది తర్వాత రసీదు చూసి "మోసం చేశాడు" అనుకునేవాళ్ళున్నారు. అతను తన లెక్కలో చెప్పాడు, వీళ్ళు తమ లెక్కలో విన్నారు, అంతే.

తర్వాత తప్పుదారి పట్టించే మాట "బోర్డింగ్". నేపాల్లో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూలును జనం బోర్డింగ్ అంటారు, పిల్లలు రోజూ ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చినా సరే. బోర్డింగ్ ఫీజు అనగానే హాస్టలూ భోజనమూ కలిపి అనుకోకండి. ప్రభుత్వ స్కూలును సాముదాయిక్ విద్యాలయ అంటారు. 2015 రాజ్యాంగం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితం, నిర్బంధం. ఆ పైన మాధ్యమిక స్థాయి కూడా ఉచితమే. కాగితం మీద ఉచితమైనా చేతి ఖర్చులుంటాయి: యూనిఫారం, బూట్లు, నోటుబుక్కులు, పరీక్ష ఫీజు, తొమ్మిది పది తరగతుల్లో ట్యూషన్. పేద ఇంట్లో పిల్ల బడి మానేయడానికి చాలాసార్లు ఈ చిల్లర ఖర్చులే కారణం.

అందుకే, ఊరి సాముదాయిక్ స్కూల్లో లెక్కలకూ ఇంగ్లీషుకూ టీచర్లు ఉన్నారంటే పిల్లను అక్కడే ఉండనివ్వడం మంచిది. మొదటి ఉత్సాహంలో ప్రైవేటుకు మార్పించి, రెండేళ్ళకు ఇక్కడ ఉద్యోగం పోయి ఫీజు ఆపేస్తే, ఇంగ్లీషు మీడియం నుంచి మళ్ళీ నేపాలీ మీడియంలోకి వెళ్ళి ఇబ్బంది పడేది పిల్ల. ప్రైవేటే కావాలనుకుంటే నెల ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఏటా మళ్ళీ కట్టే అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, బస్సు అన్నీ ఒక కాగితం మీద స్కూలు ముద్రతో రాయించి, ఫోటో తెప్పించుకోండి. ఉదాహరణకు నెల ఫీజు 1,500 ఎన్‌సీ అయితే పన్నెండు నెలలకు మన డబ్బులో 11,250. తక్కినవన్నీ దాని మీద కలపాలి. మొత్తం తేలాక, ఒక ఏడాది ఖర్చును ఎఫ్‌డీలో వేరుగా పెట్టి అప్పుడు మాటివ్వండి. ముగ్గురు పిల్లలకు సగం సగం కట్టేకన్నా ఒక్కరిని చివరిదాకా చదివించడం మేలు. అయితే ఇంట్లో తక్కిన పిల్లలకు కనీసం నోటుబుక్కులూ బూట్లూ పంపండి. లేకపోతే ఒక్క పిల్లకే కొత్త బ్యాగు రావడం ఆ ఇంట్లో గొడవవుతుంది.

డబ్బు పంపడానికి డాలర్ల జోలికి పోనక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2008లో మొదలుపెట్టిన ఇండో-నేపాల్ రెమిటెన్స్ పథకం ఉంది. నెఫ్ట్ ఉన్న బ్యాంకు బ్రాంచిలో రూపాయల్లోనే కడితే, స్టేట్ బ్యాంకు ద్వారా అక్కడికి చేరి నేపాలీ రూపాయల్లో చేతికొస్తుంది. ఖాతా నుంచి పంపితే ఒక్కసారికి రెండు లక్షల దాకా. 2021 అక్టోబరుకు ముందు ఇది యాభై వేలే ఉండేది. ఖాతా లేకుండా నగదు కడితే ఒక్కసారికి యాభై వేలు, ఏడాదికి పన్నెండు సార్లు. గేటు దగ్గరి భయ్యా తన జీతం తానే పంపుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది, అతనికి చెప్పండి. కౌంటర్లో కొత్తగా చేరినవాళ్ళకు దీని సంగతి తెలియకపోవచ్చు; పథకం పూర్తి పేరు చెప్పి, దాని ఫారమే అడగండి.

అవతల తీసుకునేవారికి నేపాల్ ఎస్‌బీఐ బ్యాంకులో ఖాతా ఉంటే అందులో పడుతుంది, లేకపోతే గుర్తింపు కార్డు చూపించి నగదుగా తీసుకోవచ్చు. ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గరే. లక్ష్మి అన్న పేరును అక్కడ ఎక్స్‌తో రాసేవాళ్ళే ఎక్కువ, మనం కేఎస్‌హెచ్‌తో రాస్తాం. ఒక్క అక్షరం తేడాతో డబ్బు ఆగిపోతుంది, లేదా వెనక్కి వచ్చేస్తుంది. తీసుకునేవారి నాగరికత, అంటే వాళ్ళ పౌరసత్వ పత్రం, రెండు వైపులా ఫోటో తెప్పించి అందులోని ఇంగ్లీషు అక్షరాలే చూసి రాయండి. ఆ పత్రం పదహారేళ్ళు నిండాకే ఇస్తారు. కాబట్టి చిన్నపిల్ల పేరున పంపకండి, తల్లి పేరున పంపండి. నానమ్మ బ్యాంకుకు రావాలంటే కొండ దిగి ఒక పూట ప్రయాణం ఉండొచ్చు. నెలనెలా పంపేకన్నా ఏడాదికి మూడుసార్లు పంపితే వాళ్ళకు దారి ఖర్చు మిగులుతుంది.

మూడుసార్లలో మొదటిది ఏప్రిల్ మొదటి వారంలో. నేపాల్లో కొత్త సంవత్సరమూ, కొత్త తరగతీ బైశాఖ్‌లో, అంటే ఏప్రిల్ నడుమ మొదలవుతాయి. మన అలవాటు కొద్దీ జూన్‌లో పంపితే అప్పటికే రెండు నెలల బకాయి పడి ఉంటుంది. రెండోది దసరాకు ముందు. మనం బొమ్మల కొలువు పెట్టే రోజుల్లోనే వాళ్ళకు దశైన్. భయ్యా సెలవు పెట్టి ఊరెళ్ళేది అప్పుడే. వచ్చేటప్పుడు ఫీజు రసీదులూ ప్రోగ్రెస్ రిపోర్టూ తెమ్మని చెప్పండి. మూడోది జనవరిలో, పరీక్ష ఫీజులకు ముందు.

రసీదు మీద 2082 అని ఉంటే కంగారు పడకండి, అది విక్రమ సంవత్. ఏప్రిల్ నడుమ నుంచి డిసెంబరు ఆఖరు దాకా 57, జనవరి నుంచి ఏప్రిల్ నడుమ దాకా 56 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది. పదో తరగతి పరీక్షను ఎస్‌ఈఈ అంటారు. అందులో మన ఎస్సెస్సీలా మార్కులు ఉండవు, గ్రేడ్లు, 4కి జీపీఏ ఉంటాయి. ఎన్‌జీ అని ఉంటే ఆ సబ్జెక్టులో గ్రేడ్ రాలేదన్నమాట.

డబ్బు ఒక్కోసారి ఫీజుకు కాక ఆసుపత్రికో అప్పుకో పోతుంది. పేద ఇంటికి ఉండేది ఒక్కటే సంచి. అందులో పడ్డది ముందు దేనికి అవసరమైతే దానికి ఖర్చవుతుంది. దాన్ని దొంగతనంగా చూడకండి, అలాగని గుడ్డిగా మళ్ళీ పంపకండి. స్కూలు ఫోన్ నంబరు మొదటి రోజే తీసుకోండి. ఎంత బకాయి ఉందో హెడ్‌మాస్టరును అడిగి, అంతే పంపండి. ఈ నంబరు ఇంకో అవసరానికీ పనికొస్తుంది. సెక్యూరిటీ ఏజెన్సీ భయ్యాను చెప్పాపెట్టకుండా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కో, ఇంకో ఊరికో మార్చేస్తే, పాప చదువుకు దారి తెగిపోకుండా ఉంటుంది.

జీతానికీ దీనికీ ముడి పెట్టకండి. "పాప ఫీజు కడుతున్నాం కదా, ఆదివారం కారు కడిగిపో" అన్న రోజున అది సాయం కాకుండా పోతుంది. పాప ఫోటో, ఊరి పేరు, స్కూలు పేరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. చందాలు పోగేస్తే లెక్క పెట్టండి చాలు.

ఎవరైనా "పాపని ఖాట్మండూలో ఆశ్రమంలో చేర్పిస్తాం, మీరు నెలకింత కట్టండి" అంటే ఒప్పుకోకండి. తల్లిదండ్రులున్న పిల్లల్ని మారుమూల జిల్లాల నుంచి తెచ్చి, అనాథలని కాగితాలు పుట్టించి, విదేశీ దాతలకు చూపించే దందా నేపాల్లో ఏళ్ళ తరబడి నడిచింది. దాత డబ్బు ఆగకుండా వస్తున్నంతకాలం ఆ పిల్లల్ని ఇంటికి పంపరు. పిల్ల ఇంట్లో ఉండి చదివే ఏర్పాటుకే డబ్బివ్వండి.

పన్ను సంగతి క్లుప్తంగా: ఇలా కుటుంబానికి పంపిన డబ్బుకు, విరాళాలకు వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) రాదు. విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చినా రాదు. నేపాల్ కాకుండా కెన్యా, ఉగాండా లాంటి చోటికి పంపాలంటే దారి వేరు: ఎల్ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద, పాన్‌తో, బ్యాంకులో ఏ2 అనే ఫారం నింపి పంపాలి. ఇది వ్యక్తులకే, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పేరున కుదరదు. మధ్యలో బ్యాంకులు కోసుకుంటే స్కూలుకు ఫీజు తక్కువ చేరి బకాయి చూపిస్తుంది కాబట్టి, ఛార్జీలన్నీ పంపేవారివే అన్న గడిని టిక్ చేయండి. కెన్యాలో తరగతులు జనవరిలో మొదలవుతాయి, డిసెంబరులోనే పంపాలి.

మానేయాల్సి వస్తే ఫిబ్రవరిలోనే చెప్పండి, నడుస్తున్న ఏడాది ఫీజు పూర్తిగా కట్టేయండి. బకాయి ఉంటే స్కూలు టీసీ ఇవ్వడానికి సతాయిస్తుంది. ఇక పదో తరగతి దాకా వచ్చిన పిల్ల విషయంలో ఒక జాగ్రత్త: ఎస్‌ఈఈ పరీక్షలకూ పదకొండో తరగతికీ మధ్య నెలల తరబడి ఖాళీ ఉంటుంది. మగపిల్లాడైతే తండ్రి వెంట ఇక్కడికే హోటల్ పనికి వచ్చేయడం, ఆడపిల్లకైతే పెళ్ళి మాటలు మొదలవడం ఆ ఖాళీలోనే. అక్కడ ఆ నెలల్లో పదకొండో తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జ్ కోర్సులు నడుస్తాయి. దాని ఫీజు కూడా మొదటి రోజు వేసుకున్న లెక్కలోనే కలిపి, పరీక్షలు అయిన వారంలోపు పంపేయండి.