పాత ఉప్పునీటి చేపల ట్యాంకులో నైట్రేట్ ఎలా తగ్గించానంటే

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్యాంకుతో పాటు క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే, మూతున్న డబ్బా లాంటి ఫిల్టర్) కూడా ఇచ్చారు. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా, చేపలు మేత బాగానే తింటున్నాయి, కానీ నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నైట్రేట్ మాత్రం 80 పీపీఎం (పది లక్షల భాగాల్లో 80) దగ్గరే మొండికేసింది.

ఫిల్టర్ మూత తీశాక కారణం తెలిసింది. స్పాంజిని వేలితో గీస్తే చాలు, గోధుమరంగు బురద ముద్దలుగా ఊడొస్తోంది. కింది బుట్టలో బ్యాక్టీరియా నివసించే సిరామిక్ రింగుల రంధ్రాలు కూడా పూడుకుపోయాయి. మిగిలిన మేత, చేపల వ్యర్థం అక్కడే కుళ్లుతుంటే బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చి మళ్లీ ట్యాంకులోకే పంపుతోందన్నమాట.

కుళాయి నీళ్లతో మాత్రం కడగొద్దు, అందులోని క్లోరిన్ మనకు కావలసిన, అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియాను చంపేస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన ఉప్పునీళ్లనే బకెట్లో పోసుకుని, మురికి దిగేదాకా స్పాంజిని అందులోనే పిండుతూ జాడించాను. బ్యాక్టీరియా అంతా ఒకేసారి పోకుండా రింగులు సగమే కడిగి, మిగతా సగం రెండు వారాలు ఆగి కడిగాను. ఫిల్టర్‌లోని పాత కార్బన్ (నీటిని శుభ్రం చేసే బొగ్గు) పారేశాను. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద ఉప్పు పేరుకుంటే నీళ్లు కారతాయి, తుడిచి సిలికాన్ గ్రీజు రాయాలి. వాజలిన్ వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇంకోటి, కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపల ఆక్సిజన్ అయిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, మీడియా (స్పాంజి, రింగులు) జాడించాకే మోటారు వేయండి.

ఇప్పుడు స్పాంజిని వారం వారం జాడిస్తున్నాను, నైట్రేట్ 20కి దిగింది. పగడాలు పెట్టాలంటే ఇంకా తగ్గాలి, అందుకు మంచి ప్రోటీన్ స్కిమ్మర్ (నురుగుతో నీళ్లలోని వ్యర్థాన్ని తీసేసే పరికరం) కోసం చూస్తున్నాను.